గోడ మీద మన బొమ్మ సరే, పేరేదీ?

ఆదోని, ఎమ్మిగనూరు తండాల నుంచి చదువుకో, కూలికో హైదరాబాద్ పోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

ఒకసారి ట్యాంక్‌బండ్ మీద నడవండి. 1986లో పెట్టిన 33 విగ్రహాల్లో కొమురం భీం లేడు. జల్, జంగల్, జమీన్ అన్న మనిషికి ఉద్యమాలు కొట్లాడినాకే అక్కడ చోటు దొరికింది.

సాగర్ అవతల, ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తా బస్తీ. 2016లో అక్కడ ఇళ్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు గీశారు. టికెట్ లేదు, గేటు లేదు. ఎవరైనా చూడొచ్చు.

చూడండి. చూసి మురిసిపోయి ఊరుకోకండి. ఊర్లో గోడ మీదైనా, సిటీలో గోడ మీదైనా అద్దాల రవిక గీసి 'గిరిజన సంస్కృతి' అని రాసేస్తే సరిపోదు. అది కుట్టిన అవ్వ పేరేది? కుంచె పట్టింది ఎవరు? కూలి ఎవరికి ముట్టింది?

రేపు మన బస్టాండ్ గోడలకు బొమ్మలేస్తామంటే ముందే అడుగుదాం: సుగాలి అవ్వ, బుట్టలల్లే ఎరుకల అక్క పేర్లతో సహా ఉండాలి. గీసే పని మన పిల్లలకే ఇవ్వాలి.

జోహార్ కొమురం భీం!