బెల్టుతో పాటే పంపు: బస్తీకి కావాల్సింది ఒక పానాల పెట్టె

పొద్దున్నే క్యాబ్ తార్నాక వైపు వెళ్లిపోయాక మాణికేశ్వర్ నగర్ బస్తీ గల్లీలో నేల మీద ఒక మరక మిగులుతుంది. అరచేయంత కూడా ఉండదు. ఏసీ నీళ్లయితే రంగుండదు, ఎండకు జాడ లేకుండా ఆరిపోతాయి. ఈ మరక పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, ఆరాక కూడా పొరలా అంటుకుని ఉంటుంది. అది కూలెంట్. వాటర్ పంపు లోపలి సీలు అరిగితే, పంపుకు కావాలనే పెట్టిన చిన్న రంధ్రంలోంచి చుక్కచుక్కగా కారుతుంది. పంపు పోబోతోందని ముందే చెప్పడానికే ఆ రంధ్రం. దానికి బస్తీలో దొరికే జవాబు మాత్రం సీసాడు బోరు నీళ్లు పోసి మూత బిగించడం. ఆ నీళ్లలోని సున్నం, తుప్పు కలిసి మిగిలిన సీలునూ తినేస్తాయి.

పంపు ఒక్కటే అయితే ఈ కరపత్రం అక్కర్లేదు. వెరిటో, డీజిల్ డస్టర్ బళ్లలోని 1.5 లీటర్ల రెనో ఇంజిన్‌లో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్లున్న ఆ రబ్బరు పట్టీ. నిమిషానికి మూడు వేల చుట్ల వేగంలో ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. బెల్టు తెగిన క్షణాన క్యామ్ ఆగుతుంది, పిస్టన్ ఆగదు. వాల్వులు వంగుతాయి, హెడ్ దించాలి. పంపు బేరింగు బిగుసుకుపోయినా ఇదే గతి, బెల్టును అదే కోసేస్తుంది.

1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 మోడల్‌లో చైనుకు బదులు రబ్బరు బెల్టు పెట్టింది. చప్పుడు తగ్గింది. చైనుకు లేని గడువు మాత్రం వచ్చి పడింది. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజిన్లలో ఉన్నది చైనే కనుక ఆ బళ్లవాళ్లు ఈ కాగితం పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. మిగతావాళ్లు మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు చూడాలి, వాటితో పాటు ఏళ్లూ చూడాలి. తక్కువ తిరిగినా రబ్బరుకు వయసు మీద పడుతుంది.

ఈ పనిలో ఎక్కువ ఖర్చు సామానుకు కాదు, విప్పడానికే. చక్రం తీయాలి, ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీతో మోయించాలి, మౌంటు విప్పాలి, క్రాంకు పుల్లీ ఊడదీయాలి. ఇంత విప్పి పాత పంపును అలాగే వదిలేస్తే ఆరు నెలలకు మళ్లీ ఇదంతా విప్పాల్సి రావచ్చు. బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, పంపు ఒకే రోజు మారాలి.

చేయడం అసాధ్యమేమీ కాదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, క్రాంకు, క్యామ్‌ల టైమింగ్ గుర్తులు కలిపి, పాత మెకానిక్‌లు చేసినట్టు పుల్లీల మీద వైట్‌నర్ చుక్కలు పెట్టుకోవాలి. పంపు కూర్చునే చోట పాత గాస్కెట్ గీరి శుభ్రం చేయాలి. ఒక్క చుక్క కూలెంట్ కూడా కొత్త బెల్టుకు అంటకూడదు. అన్నీ బిగించాక తాళం చెవి జోలికి పోకుండా, పానాతో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. గుర్తులు మళ్లీ కలిస్తేనే స్టార్టు చేయాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకూడదు, వాల్వు పిస్టన్‌ను తాకుతున్నట్టే. ఈ రెండు చుట్లకు పట్టేది రెండు నిమిషాలు. తొందరలో ఎగ్గొట్టేదీ దీన్నే.

అయితే ఎక్కడ చేయాలి? వాలుగా ఉన్న గల్లీలో జాకీ మీద కారు లేపి కింద దూరడం ప్రాణాలతో ఆట. స్టాండ్లు లేకుండా ఎవరూ ఆ పని చేయకూడదు. బోల్టును లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచి ఇంటింటికీ కొనగలిగేదీ కాదు. జర్మనీలో గంటల లెక్కన లిఫ్టు, పనిముట్లు అద్దెకిచ్చే సొంత రిపేరు షెడ్లు ఉన్నాయి. ఇక్కడ అంత దూరం చూడక్కర్లేదు. బస్తీని ఆనుకుని ఉన్నదే ఉస్మానియా విశ్వవిద్యాలయం. అందులో 1929 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. నెలకు రెండు ఆదివారాలు దాని ఆవరణలో ఒక సమతలమైన చోటు, ఒక బోధకుడు, నలుగురు మెకానికల్ విద్యార్థులు దొరికితే చాలు. పుస్తకంలో టార్క్ లెక్క చదివిన పిల్లలకు బోల్టు ఎక్కడ బిగుస్తుందో చేతికి తెలుస్తుంది. డ్రైవర్లకు లెక్క తెలుస్తుంది.

సమాచారం అడగడానికీ సందేహించక్కర్లేదు. విడిభాగాలు, పనిముట్లు, రిపేరు వివరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్రం తెరిచిన రిపేరు హక్కు పోర్టల్‌లో వాహనాలూ ఉన్నాయి. ఏ బోల్టుకు ఎంత బిగింపో, గుర్తులు ఎక్కడ కలవాలో ఒక పేజీలో తెలుగులో ఇమ్మని డ్రైవర్ల సంఘాలు కంపెనీలకు రాయాలి.

బస్తీ వంతు పానాల పెట్టె కొనడం. టార్క్ రెంచి, రెండు జతల స్టాండ్లు, పుల్లీ పట్టుకునే పనిముట్టు, ఇంజిన్ లాక్ పిన్నులు చాలు. రాణీగంజ్‌లో వెతికితే దొరికే సామానే. తలా కొంత వేసుకుని కొనాలి. పెట్టె ఎవరింట్లో ఉందో, ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రాసే నోటుబుక్కు ఒకటి దాని మూతకే కట్టి ఉంచాలి.