బదులుగా తింటే మేలు, అదనంగా తింటే చేటు



దసరా వెళ్లి దీపావళి వచ్చే ఈ రోజుల్లో నగరి వైపు తెల్లవారే సరికే నేల తడిసి ఉంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కొండల మీద మబ్బు విడవక ముందే మరమగ్గాల చప్పుడు మొదలవుతుంది. మగ్గం మీదికి వెళ్లేవారిలో చాలామంది ఒక టీ, ఒక బన్నుతో సరిపెట్టుకుంటారు. బడికి వెళ్లే పిల్లలు రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని పరుగెత్తుతారు. పది గంటలయ్యే సరికి కడుపు కాలుతుంది. అప్పుడు చేతికి దొరికేది పండుగకు చేసి డబ్బాలో దాచిన లడ్డు, లేదా పక్కింటివారు పంపిన మైసూరుపాకు. ఈ మూడు నెలలు దసరా, దీపావళి, క్రిస్మస్ వరుసగా వస్తాయి కాబట్టి తీపి డబ్బా ఖాళీ అయ్యే వీలే ఉండదు.

ఈ పరిస్థితిలో ఉదయం టిఫినుగా తీపి పదార్థం చేసుకోమని ఒక ఆరోగ్య పత్రిక చెప్పవచ్చా? చెప్పవచ్చునని మా అభిప్రాయం. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ షరతు ఎందుకో అర్థం కావాలంటే ముందు మా పొరపాటు చెప్పుకోవాలి.

చాలాకాలం మేము షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవారికి ఇచ్చే ఆహారపు కాగితంలో "ఉదయం ఓట్స్" అని రాసి ఊరుకున్నాము. ఎంత తినాలో, ఎలా వండాలో, దేనితో తినాలో రాయలేదు. ఒకరోజు పరీక్షకు వచ్చిన ఒక తల్లిని మా సిస్టరు అడిగింది: "ఏమ్మా, పొద్దున ఏం తింటున్నారు?" "మీరు చెప్పిన ఓట్సే తింటాండాను సిస్టర్. చక్కెర ముట్టను, బెల్లమే." "బెల్లం ఎంత వేస్తారు?" "రుచికి సరిపడా."

ఆ "రుచికి సరిపడా" దగ్గరే మా తప్పు మాకు తెలిసింది. మనం వంటలో వాడే ఈ మాట ఉప్పు విషయంలోనూ, తీపి విషయంలోనూ మందు చీటీ మీద రాయదగినది కాదు.

మా వంటింటి ప్రయోగం

కిందటి దసరాకు మా నర్సులలో ఒకరి అక్క కూతురు అమెరికా నుండి వచ్చి, అక్కడ ఆకురాలు కాలంలో ఉదయం చేసుకునే ఓట్స్ వంటకం ఒకటి చేసి చూపించింది. పాలు, గుడ్డు, పండు కలిపిన ఓట్స్‌ను ఓవెన్‌లో కాలుస్తారు. ముక్కలు కోస్తే చూడడానికి కేకులాగే ఉంటుంది. పెన్సిల్వేనియాలోని ఆమిష్ కుటుంబాల వంటగా దీనికి పేరు. అక్కడ అది గుమ్మడికాయల కాలం కనుక గుమ్మడి గుజ్జు, దాల్చినచెక్క కలుపుతారు. మనకూ ఈ రోజుల్లో సంతలో తీపి గుమ్మడి, గెనుసుగడ్డ దొరుకుతాయి కదా అని మేమూ మొదలుపెట్టాము.

మొదటిసారి ఆరుగురికి చేసినదానిలో పావు కిలో బెల్లం పడింది. ఓట్స్ ఉన్నాయి, చక్కెర లేదు, ఇంకేం భయమని అందరూ తిన్నాము. మాలో షుగరు ఉన్న ఒకరు రెండు గంటల తర్వాత రక్తపరీక్ష చేసుకుంటే 260 దాటింది. ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. పావు కిలోను ఆరు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి 40 గ్రాములకు పైగా బెల్లం వచ్చింది. పెద్దవారు రోజంతటికీ విడిగా కలుపుకునే తీపి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అంటే ఐదారు చిన్న చెంచాలు. చక్కెరతో పాటు బెల్లం, తేనె, పండ్ల రసం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

"బెల్లంలో ఇనుము ఉంది కదా" అని చాలామంది అడుగుతారు. కొంత ఉంది. కానీ ఆ ఇనుము కోసం తినవలసిన బెల్లం లెక్క వేస్తే, లాభం కంటే నష్టమే ఎక్కువ. రక్తంలో చక్కెర పెంచే విషయంలో చక్కెరకూ బెల్లానికీ పెద్ద తేడా లేదు. చిత్తూరు జిల్లా బెల్లానికి పేరున్న జిల్లా. మన బెల్లం మీద మనకు ప్రేమ ఉండడం సహజమే. ప్రేమ ఉన్నంత మాత్రాన అది మందు కాదు.

తీపి ఎలా దొంగచాటుగా వచ్చింది?

ఉదయం తినే ధాన్యపు టిఫినుల చరిత్రలో ఒక చర్చి ఆసుపత్రి ఉందని మన పాఠకులకు చెప్పాలి. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ శానిటోరియం సెవెంత్‌డే అడ్వెంటిస్టులు స్థాపించినది. అక్కడి వైద్యుడు జాన్ హార్వే కెల్లాగ్, ఆయన తమ్ముడు విల్ కీత్ కలిసి రోగుల కోసం 1894లో ధాన్యపు రేకులు తయారుచేశారు. తరువాత తమ్ముడు రుచి కోసం చక్కెర కలపాలన్నాడు, అన్న వద్దన్నాడు. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు. ఆ తరువాతి కాలంలో పిల్లల టిఫిను డబ్బాలలో చక్కెర ఎంత చేరిందో మనకు తెలుసు.

ఆ అన్నదమ్ములలో ఎవరిది ఒప్పు? పూర్తిగా ఎవరిదీ కాదని మాకు అనిపిస్తుంది. రుచి లేని ఆహారాన్ని జనం నాలుగు రోజులు తిని వదిలేస్తారు. ఆ మాటలో తమ్ముడిది న్యాయమే. కానీ తీపికి హద్దు గీయకపోతే ఆరోగ్యం కోసం పుట్టిన తిండే రోగానికి దారి తీస్తుంది. అక్కడ అన్నది న్యాయం. ఇంటి తల్లి ఈ ఇద్దరి మాటా వినాలి.

కొలతతో చేసే విధానం

ఆరు ముక్కలకు కావలసినవి: రోల్డ్ ఓట్స్ 150 గ్రాములు, వేయించిన రాగి పిండి 50 గ్రాములు, పాలు 400 మిల్లీలీటర్లు, గుడ్లు 2, బాగా మాగిన చిన్న అరటిపండ్లు 2, తురిమిన తీపి గుమ్మడి ఒక కప్పు, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గింజలు 50 గ్రాములు, తరిగిన బెల్లం 30 గ్రాములు, బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు.

అరటిపండ్లు మెత్తగా చిదిమి, గుడ్లు గిలకొట్టి కలపండి. బెల్లాన్ని పాలలో కరిగించి వడగట్టండి. అన్నీ కలిపి పావుగంట నానబెట్టండి. నెయ్యి రాసిన గిన్నెలో పోసి, ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వద్ద 35 నుండి 40 నిమిషాలు కాల్చండి.

ఓవెన్ లేని ఇళ్లే మనలో ఎక్కువ. పాత ప్రెషర్ కుక్కరు అడుగున రెండు గ్లాసుల ఉప్పు పరచి, దానిపై స్టాండు పెట్టండి. మూతకు ఉన్న రబ్బరు, వెయిట్ తప్పనిసరిగా తీసివేయండి. నీళ్లు పోయకూడదు. పది నిమిషాలు వేడెక్కాక గిన్నె లోపల పెట్టి, సన్నని మంట మీద 45 నిమిషాలు ఉంచండి. కత్తి గుచ్చితే పిండి అంటకుండా రావాలి. ఇది కష్టమనిపిస్తే ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి మీద ఉడికించండి. పైన ఎర్రగా కాలదు గానీ రుచికి లోటు ఉండదు.

మా లెక్క ప్రకారం ఒక ముక్కలో సుమారు 280 కేలరీలు, 10 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కలిపిన బెల్లం 5 గ్రాములే. మిగతా తీపి పండు నుండి, గుమ్మడి నుండి వస్తుంది. ఒక కప్పు రవ్వకు ఒక కప్పు చక్కెర వేసి నలుగురికి చేసే కేసరితో పోల్చి చూడండి. అందులో ఒక్కొక్కరికి 50 గ్రాముల చక్కెర పడుతుంది. మా షుగరు ఉన్న సిస్టరు ఈ కొలతతో చేసిన ముక్క తిన్న రోజు రెండు గంటల పరీక్ష 180 లోపే వచ్చింది. ఒక్కరి లెక్క అందరికీ ప్రమాణం కాదు. మీ లెక్క మీరే చూసుకోవాలి.

ఓట్స్ తప్పనిసరా?

కాదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే దీన్ని ఒప్పుకుంది. కానీ పైన చెప్పిన ఒక ముక్కలో వచ్చేది దాదాపు ఒక గ్రామే. ఓట్స్ కొనడం కోసం ఇంట్లో పాలు, గుడ్డు తగ్గించుకునే పని మాత్రం చేయకండి. తేనె, పండ్ల రుచి అని రాసి అమ్మే పొట్లాలు కొనేముందు వెనుకవైపు చక్కెర ఎంతో చదవండి.

మన రాగి ఏ విధంగానూ తక్కువది కాదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే సంవత్సరం మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. సంగటి తిని పెరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. ఓట్స్ భారమనిపిస్తే రాగి పిండి 100 గ్రాములు, సగం ఉడికించిన గోధుమ రవ్వ 100 గ్రాములు వేసి ఇదే పద్ధతిలో చేయండి. గుంత పొంగణాల పెనం ఉన్నవారు అదే పిండిని అందులో పోసి చూడండి. పిల్లలు ఎగబడి తింటారు.

కొన్ని జాగ్రత్తలు

వానకాలంలో వేరుశనగకు బూజు పడుతుంది. రంగు మారినవి, ముడుచుకున్నవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. చిన్నపిల్లలకు గింజలు మెత్తగా పొడి చేసి వేయండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అరటిపండు, రాగి, పాల విషయంలో డాక్టరును అడగకుండా ఈ వంటకం తినవద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మందు మానకూడదు. ఒక ముక్కతోనే ఆగాలి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలువ ఉంటుంది. ఫ్రిజ్ లేనివారు రాత్రి చేసి ఉదయానికల్లా తినేయాలి.

ఇక ఆ షరతు

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నదని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. ప్రతి వీధిలో, ప్రతి బంధువుల ఇంట్లో ఇది కనబడుతూనే ఉంది. భయపడి తీపిని పూర్తిగా నిషేధిస్తే ఏం జరుగుతుందో మేము వార్డులో చూస్తూనే ఉన్నాము. తలగడ కింద మిఠాయి పొట్లం దొరుకుతుంది. ఇంటివారు తిడతారు, పెద్దాయన కన్నీరు పెట్టుకుంటారు, మరునాడు మళ్లీ పొట్లం వస్తుంది. నిషేధం కంటే ఒప్పందం మేలు.

ఆ ఒప్పందం ఇది. ఉదయం తిన్న ఈ ముక్కే ఆ రోజుకు మీ తీపి. అది బన్నుకు, బిస్కెట్టుకు, డబ్బాలోని లడ్డుకు బదులుగా రావాలి, వాటికి తోడుగా కాదు. ఇడ్లీలు తిని, ఆపైన ఆరోగ్యమని ఒక ముక్క, మధ్యాహ్నం పండుగ లడ్డు అంటే మేము చెప్పినదంతా వృథా. లడ్డు తినాలనిపించిన పండుగ రోజున లడ్డే తినండి, సగం తినండి, ఆ రోజు ఈ ముక్క మానేయండి.

మా ఆహారపు కాగితాన్ని మేము మార్చుకున్నాము. ఇప్పుడు అందులో గ్రాములు, చెంచాలు రాస్తున్నాము. మీ వంటింట్లో ఒక చిన్న చెంచాను బెల్లం డబ్బాలోనే ఉంచండి. చేత్తో వేయడం మానండి. ఈసారి పరీక్షకు వచ్చినప్పుడు మా సిస్టరు "బెల్లం ఎంత?" అని అడుగుతుంది. "ఇన్ని చెంచాలు" అని మీరు చెప్పగలిగితే మాకు అంతకంటే సంతోషం లేదు.