ఫీజు కట్టే ముందు పరీక్ష కోడ్ అడగండి

హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ‘హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్కింగ్’ బోర్డులు ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉన్నాయి. జిల్లాల నుంచి డిప్లొమా, డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు వచ్చి హాస్టల్లో దిగుతారు. అప్పో సొప్పో చేసి ఫీజు కడతారు. కొన్ని నెలల తర్వాత ఇన్‌స్టిట్యూట్ పేరు, డైరెక్టర్ సంతకం ఉన్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. తీరా ఇంటర్వ్యూలో ‘సర్టిఫికేషన్ ఏమైనా చేశారా?’ అని అడిగేసరికి చాలామంది తడబడతారు. కోర్సు పూర్తయిందని ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం ఒకటి, ఇన్‌స్టిట్యూట్‌తో సంబంధం లేని సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే అర్హత మరొకటి. ఈ తేడా ఫీజు కట్టకముందే తెలియాల్సింది, కట్టాక తెలుస్తోంది.

కాంప్‌టియా, సిస్కో వంటి సంస్థల పరీక్షలు పియర్సన్ వ్యూ కేంద్రాల్లో జరుగుతాయి. పాసైన వారి అర్హత నిజమో కాదో కంపెనీవాళ్లు ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు సరిచూసుకోవచ్చు. అందుకే ఏ కోర్సులో చేరబోయినా మొదట అడగాల్సినవి మూడే. పరీక్ష ఎవరు పెడతారు? దాని కోడ్ ఏమిటి? పరీక్ష ఫీజు ఈ కోర్సు ఫీజులో కలిసే ఉందా?

హార్డ్‌వేర్ అనగానే అందరి నోటా వచ్చేది కాంప్‌టియా ఏ ప్లస్. 1993లో మొదలైన ఈ సర్టిఫికేషన్‌కు రెండు పరీక్షలు రాయాలి, ఫీజు కూడా రెండుసార్లు కట్టాలి. ఒక్కో దానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 220-1101, 1102 కోడ్‌ల పాత పరీక్షలు 2025 సెప్టెంబరుతో ముగిశాయి. ఇప్పుడు నడుస్తున్నవి 220-1201, 1202. పాత కోడ్‌ నోట్సుతోనే పాఠం చెబుతున్నారంటే ఆ ఇన్‌స్టిట్యూట్ వెనకబడి ఉందని అర్థం.

సిలబస్ చూస్తే మరో సంగతి బయటపడుతుంది. మొదటి పరీక్షలో అచ్చంగా హార్డ్‌వేర్‌కు దక్కింది 25 శాతం. నెట్‌వర్కింగ్‌కు 23 శాతం, లోపం ఎక్కడుందో పట్టుకునే ట్రబుల్‌షూటింగ్‌కు 28 శాతం. ఇక రెండో పరీక్షలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు, సెక్యూరిటీ కలిసి సగానికి పైనే. స్క్రూడ్రైవర్ పట్టి అసెంబ్లింగ్ నేర్చుకుంటే చాలనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. పని స్వభావమే మారిపోయింది. ఈరోజుల్లో చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి వస్తోంది. వారంటీలో ఉన్న మెషీన్‌కు ఫీల్డ్ ఇంజనీర్ సాధారణంగా బోర్డు మొత్తం మారుస్తాడు తప్ప చిప్ జోలికి పోడు. ఆ తర్వాత విండోస్ ఎక్కించడం, కంపెనీ నెట్‌వర్క్‌లో కలపడం, యూజర్‌కు ఓపిగ్గా చెప్పడం అతని పనే.

చిప్ లెవెల్ సర్వీసింగ్ దారి వేరు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కావాల్సింది మల్టీమీటర్, హాట్ ఎయిర్ గన్ వాడటంలో చేతి నైపుణ్యం. ఆ పని కోరుకునేవారు ఏ ప్లస్ కోసం డబ్బు తగలేయనక్కర్లేదు. మంచి మెకానిక్ దగ్గర ఏడాది కూర్చుంటే అంతకన్నా మేలు.

మరి ఏ ప్లస్‌కు అంత పేరెలా వచ్చింది? అందులో అమెరికా పాత్ర ఉంది. అక్కడి రక్షణ శాఖ 2005లో తెచ్చిన 8570 నిబంధనల్లో, తన కంప్యూటర్లను చూసుకునే సిబ్బందికి తొలి మెట్టు అర్హతల్లో ఒకటిగా ఏ ప్లస్‌ను గుర్తించింది. దాంతో కాంట్రాక్టు కంపెనీలూ అడగడం మొదలుపెట్టాయి. అక్కడివారు చేసే యూట్యూబ్ వీడియోల్లో ‘ముందు ఏ ప్లస్’ అనే సలహా వినిపించేది అందుకే. అమెరికాలో ఉంటూ, పనిచేసే అనుమతి కలిగి, హెల్ప్‌డెస్క్ ఉద్యోగం చూసుకునే తెలుగువారికి అది సరైన సలహాయే. కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్న కుర్రాడికి అదే సరిపోతుందనుకోకూడదు. అలాంటి నిబంధన ఇక్కడ లేదు.

ఇక్కడ నెట్‌వర్క్ ఉద్యోగాల ప్రకటనల్లో కనిపించే పేరు సిస్కో వారి సీసీఎన్ఏ. 2020 ఫిబ్రవరి నుంచి అది 200-301 అనే ఒకే పరీక్ష, రెండు గంటలు, ఫీజు 300 డాలర్లు, పన్నులు అదనం. మధ్యతరగతి ఇంటికి చిన్న మొత్తం కాదు. పైగా సీసీఎన్ఏ అయినా ఏ ప్లస్ అయినా మూడేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. మరోవైపు కాలం చెల్లిన పేర్లూ ఉన్నాయి. ఎంసీఎస్ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరితోనే ముగించింది. ఎవరైనా ఇప్పటికీ ఆ పేరు చెప్పి ఫీజు అడిగితే లేచి వచ్చేయడమే.

డాలర్లు పెట్టలేనివారికి దారి మూసుకుపోలేదు. ఐటీఐలలో ‘కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్’ ఏడాది ట్రేడ్ ఉంది. పాసైతే వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు గడువు లేదు, దాంతో అప్రెంటిస్‌గా చేరి స్టైపెండ్ మీద పని నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ హార్డ్‌వేర్‌లో ‘ఓ లెవెల్’ కోర్సు నడుపుతోంది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలు కొన్ని, నెట్‌వర్క్ సాధనకు వాడే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతాయి. ముందు వీటితో ఆరు నెలలు కష్టపడి, చదువు తలకెక్కుతోందని నమ్మకం కుదిరాక పరీక్ష ఫీజు కట్టడం తెలివైన పని.

‘డంప్స్ ఇస్తాం, పాస్ గ్యారంటీ’ అనే మాటకు మాత్రం లొంగకూడదు. బయటికొచ్చిన ప్రశ్నలు బట్టీపట్టి రాసినట్టు తేలితే సర్టిఫికేషన్ రద్దవుతుంది, మళ్లీ రాయకుండా నిషేధించవచ్చు కూడా. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకు విలువ ఉన్నదీ ఇందుకే. అందులో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, లినక్స్ మెషీన్ మీద పని చేసి చూపించాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సర్వర్లు మన ఊళ్లకే వస్తున్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ల రీజియన్‌ను తెరిచింది. విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. నిర్మాణం పూర్తయ్యాక డేటా సెంటర్‌లో ఉండే ఉద్యోగాలు పెట్టుబడితో పోలిస్తే తక్కువే. ఆ కొద్దిపాటి ఉద్యోగాలైనా మన పిల్లలకు దక్కాలంటే ర్యాకులు బిగించడం, ఫైబర్ కేబులింగ్, డిస్కులు మార్చడం, లినక్స్ కమాండ్లు ఇప్పటినుంచే నేర్పాలి.

అందుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయగలిగిన పనులు రెండున్నాయి. నైపుణ్యాభివృద్ధి సంస్థలు శిక్షణతో సరిపెట్టకుండా, ల్యాబ్ పరీక్షలో నెగ్గిన పేద విద్యార్థుల సర్టిఫికేషన్ ఫీజు భరించాలి. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లు తమ ప్రకటనలో, రశీదులో పరీక్ష కోడ్, అది పెట్టే సంస్థ పేరు, పరీక్ష ఫీజు ఎవరు కట్టాలో తెలుగులో అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. ఈ రెండో పనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. వచ్చే బ్యాచ్‌లు మొదలయ్యేలోపే అది రావాలి.