కండ కోసం గండం

పల్లెలకూ పాకిన టెస్టోస్టిరాన్ సూదుల మోజు
హార్మోను ఒక్కటే చాలదు.. గ్రాహకాలే కీలకం

విజయనగరం: 2014 జులైలో స్కాట్లాండులోని గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. మహిళల 53 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ విభాగంలో నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి మొత్తం 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచారు. మెడలో కాంస్యం పడింది. రోజులు గడవకముందే ఆ కాంస్యం రజతమైంది. 196 కిలోలతో స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోప్ పరీక్షలో దొరికిపోవడమే అందుకు కారణం. ఆ బాలిక వయసు అప్పటికి పట్టుమని పదహారేళ్లు. ఆమె నమూనాలో బయటపడినవి కండ పెంచే మందులు కావు, మూత్రాన్ని అధికం చేసే మాత్రలు. ఇతర నిషిద్ధ మందుల జాడను మరుగుపరచగలవు కనుకనే ఆ మాత్రలపైనా నిషేధం ఉంది.

ఇనుప గుండ్లు ఎత్తడమే ఇంటి విద్యగా చేసుకున్న పల్లెలున్న ప్రాంతమిది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మొదలు ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి వరకు బలానికి ఉత్తరాంధ్ర పెట్టింది పేరు. అటువంటి చోట సైతం నేడు కండకు సాధన కంటే సూది దగ్గరి దారి అన్న భ్రమ యువకుల్లో వ్యాపించడం ఆందోళన కలిగించే పరిణామం. మండల కేంద్రాల్లోనూ జిమ్‌లు వెలిశాయి. వ్యాయామశాలల అద్దాల ముందు మాటల్లో టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానోజోలాల్ అన్న పేర్లు దొర్లుతున్నాయి. ఎవరో చెప్పిన మోతాదు, ఎవరో ఇచ్చిన సీసా, తోటివాడు పొడిచే సూది. వైద్యుని ప్రమేయం ఎక్కడా కానరాదు. అసలు ఈ హార్మోను కండరంలో ఏం చేస్తుంది? ఎక్కడ మేలు ఆగి కీడు మొదలవుతుంది? ఈ ప్రశ్నలకు శాస్త్రం స్పష్టమైన సమాధానాలే ఇచ్చింది. అవి జిమ్ గోడల వరకు చేరకపోవడమే చిక్కు.

తాళం, తాళంచెవి

టెస్టోస్టిరాన్ పురుషుల్లో ప్రధానంగా వృషణాల్లో తయారవుతుంది. స్త్రీలలోనూ అండాశయాలు, మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు దీన్ని స్వల్పంగా ఉత్పత్తి చేస్తాయి. ఆరోగ్యవంతుడైన యువకుని శరీరం రోజుకు తయారుచేసుకునేది దాదాపు ఐదు నుంచి ఏడు మిల్లీగ్రాములు మాత్రమే. నెత్తురులోకి చేరిన ఈ హార్మోనులో అత్యధిక భాగం అక్కడి ప్రోటీన్లకు అంటిపెట్టుకొనే తిరుగుతుంది. స్వేచ్ఛగా ఉండేది నూటికి రెండు పాళ్ల వంతు.

కండరానికి చేరినంత మాత్రాన హార్మోను పని చేయదు. కండర కణంలో దాని కోసం కాచుకొని ఉండే ప్రత్యేక ప్రోటీను ఒకటుంది. దానినే ఆండ్రోజన్ గ్రాహకం, అంటే రిసెప్టార్, అంటారు. హార్మోను తాళంచెవి అయితే గ్రాహకం తాళం. ఇవి రెండూ కలిసిన మరుక్షణం గ్రాహకం రూపు మార్చుకొని కణ కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ జన్యువులపై నిర్దిష్టమైన చోట్ల కూర్చొని, కండరాన్ని నిర్మించే మాంసకృత్తుల తయారీకి ఆదేశాలు ఇప్పిస్తుంది. తాళం లేని ఇంటి ముందు తాళంచెవుల గుత్తి కుమ్మరించినా ప్రయోజనం సున్న.

ఇందుకు చరిత్రలో నిలిచిన ఉదాహరణ స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మారియా హోసే మార్తినెజ్ పాతిన్యో. 1985లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో ఆమెకు లింగ నిర్ధారణ పరీక్ష జరిపారు. క్రోమోజోములు పురుషులకు ఉండే తీరులో ఉన్నాయని తేలింది. పోటీలకు అనర్హురాలన్నారు. అయితే ఆమె శరీరంలోని గ్రాహకాలు టెస్టోస్టిరాన్‌కు స్పందించేవే కావు. హార్మోను ఉన్నా దానివల్ల ఆమె కండకు ఒనగూరిన లాభమేదీ లేదు. పోరాడి, 1988లో తిరిగి పోటీలకు అర్హత సాధించుకున్నారు. నెత్తురులో హార్మోను ఎంతుందన్న ఒక్క లెక్కతో కండబలాన్ని తూచరాదన్న సత్యం ఆ ఒక్క ఉదంతంతో తేటతెల్లమైంది.

మరో విశేషమూ ఉంది. ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. మగబిడ్డకు ఎక్స్ క్రోమోజోము వచ్చేది తల్లి నుంచే. తండ్రి పోలికతో కండలు వచ్చాయని ఊళ్లో చెప్పుకునే మాటలో, ఈ తాళం విషయానికి వచ్చేసరికి, వాటా తల్లిదే.

కండ పెరిగే తీరు

బరువులు ఎత్తినప్పుడు కొత్త కండర తంతువులు పుట్టుకొస్తాయనుకోవడం పొరపాటు. ఉన్న తంతువులే లావెక్కుతాయి. తంతువు లావెక్కే కొద్దీ దాన్ని నడిపించే కేంద్రకాలు ఎక్కువ కావాలి. 1961లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ మౌరో గుర్తించిన శాటిలైట్ కణాలు ఈ అవసరం తీరుస్తాయి. కండర తంతువును అంటిపెట్టుకొని నిద్రాణంగా ఉండే ఈ కణాలు వ్యాయామపు ఒత్తిడికి మేల్కొని, సంఖ్య పెంచుకొని, తంతువులో కలిసిపోయి తమ కేంద్రకాలను దానికి అప్పగిస్తాయి. టెస్టోస్టిరాన్ ఈ పనిని వేగిరపరుస్తుంది. మెడ, భుజాల కండరాల్లో ఆండ్రోజన్ గ్రాహకాలు గల కేంద్రకాలు తొడ కండరాల కంటే ఎక్కువని పరిశోధనల్లో వెల్లడైంది. సూదులు వాడేవారికి తొడల కంటే ముందు భుజాలు ఉబ్బడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మందు ప్రభావం ఎంత? 1996లో అమెరికాలో డాక్టర్ షలేందర్ భాసిన్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ప్రామాణికంగా నిలిచింది. 43 మంది పురుషులను నాలుగు జట్లుగా విభజించి పది వారాలు పరిశీలించారు. వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తీసుకొని వ్యాయామం చేయనివారిలో కొవ్వు మినహా శరీర బరువు మూడు కిలోలకు పైగా పెరిగింది. మందు లేకుండా వ్యాయామం చేసినవారిలో దాదాపు రెండు కిలోలు పెరిగింది. రెండూ చేసినవారిలో ఆరు కిలోలు దాటింది. మందు పని చేయదని వాదించేవారికి ఈ లెక్కలే జవాబు. పని చేస్తుంది. అసత్యం చెప్పి యువకులను ఆపబోయిన పెద్దల మాట చెల్లకపోవడానికి కారణం కూడా అదే. ఎదుట కనిపిస్తున్న కండను కాదంటే ఎవరు నమ్ముతారు?

అయితే అదే పరిశోధనలో వాడిన మోతాదు హార్మోను లోపించిన రోగులకు సాధారణంగా ఇచ్చేదానికి ఆరు రెట్లు. వైద్యుల నిఘాలో, పది వారాలకే పరిమితమైన ప్రయోగమది. 2001లో అదే బృందం 61 మందిపై అయిదు రకాల మోతాదులతో జరిపిన మరో పరిశోధనలో మోతాదుతోపాటు కండ పెరిగింది. దానితోపాటే గుండెను కాపాడే మంచి కొలెస్ట్రాల్ తగ్గింది. లాభమూ నష్టమూ ఒకే సీసాలో ఉన్నాయన్నమాట.

సహజ సాధన చేసేవారికి ఊరటనిచ్చే ఫలితం 2018లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 49 మంది యువకులతో 12 వారాలు బరువులు ఎత్తించారు. కండ ఎక్కువగా పెరిగినవారికి, తక్కువగా పెరిగినవారికి మధ్య నెత్తురులోని టెస్టోస్టిరాన్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా కనిపించింది కండరంలోని గ్రాహకాల పరిమాణంలో. వ్యాయామం తర్వాత హార్మోను కాసేపు పెరుగుతుందని, దానికోసమే ఫలానా కసరత్తు చేయాలని జిమ్‌లలో చెప్పే మాటలకు ఆధారం పలుచనని దీనితో తేలింది. స్త్రీల విషయం చూసినా ఇదే అర్థమవుతుంది. వారిలో ఈ హార్మోను పురుషుల్లో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు. అయినప్పటికీ 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు.

మెదడు పసిగడుతుంది

సూది వేసుకున్నవారు ఎరుగని సంగతి మరొకటుంది. నెత్తురులో టెస్టోస్టిరాన్ ఎంత ఉందో మెదడు నిరంతరం కనిపెడుతూనే ఉంటుంది. అవసరమైతే పీయూష గ్రంథి ద్వారా వృషణాలకు ఆజ్ఞ పంపుతుంది. బయటి నుంచి మందు వచ్చిపడితే, కావలసినంత ఉందని భావించి ఆ ఆజ్ఞను ఆపేస్తుంది. పని లేని వృషణాలు కుంచించుకుపోతాయి. వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. టెస్టోస్టిరాన్‌ను పురుషుల గర్భనిరోధక సాధనంగా వాడవచ్చునా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన జరిపించిందంటే ఈ ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు. 1990లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం వారానికి 200 మిల్లీగ్రాముల సూది తీసుకున్న పురుషుల్లో సగానికి పైగా మందిలో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. మగతనం పెరుగుతుందన్న ఆశతో వాడే మందు చేసే నిర్వాకమిది. మందు ఆపితే చాలామందిలో నెలల తరబడి కాలం తర్వాత కణాలు తిరిగి వస్తాయి. మోతాదు మించి ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి చికిత్స తప్పనిసరి అవుతుంది. పెళ్లయి మూడేళ్లయినా సంతానం లేదని భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పే కుటుంబాల్లో, భర్త గతంలో వాడిన సూదుల గురించి అడిగేవారెందరు?

అదనపు హార్మోనులో కొంత శరీరంలోనే స్త్రీ హార్మోనుగా మారుతుంది. ఫలితంగా కొందరు యువకుల్లో రొమ్ములు పెరుగుతాయి. ఎర్ర రక్తకణాలు అధికమై నెత్తురు చిక్కబడుతుంది. నోటి ద్వారా తీసుకునే స్టెరాయిడ్ మాత్రల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. స్త్రీలు వాడితే గొంతు బొంగురుపోతుంది, అది మళ్లీ మామూలు కాకపోవచ్చు.

మైదానంలో అక్కరకు రాని కండ

సూదుల వైపు చూసేవారందరూ పతకాల కోసం చూడటం లేదు. పోలీసు, సైనిక కొలువులకు సిద్ధమయ్యే నిరుపేద కుటుంబాల బిడ్డలూ వారిలో ఉన్నారు. రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు పురుషుల ఛాతీ గాలి పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్లకు తగ్గరాదు. కనీసం అయిదు సెంటీమీటర్ల వ్యాకోచం ఉండాలి. ఈ కొలతను చూసి బెంబేలెత్తి మందుల వైపు అడుగులు వేసేవారు, ఆ తర్వాత ఎదురయ్యే 1600 మీటర్ల పరుగును మరచిపోతున్నారు. పరుగుకు కావలసింది ఊపిరి, ఓర్పు, తేలికైన ఒళ్లు. ఆరు కిలోల అదనపు బరువు అక్కడ మోయవలసిన మూటే అవుతుంది. ఛాతీ వ్యాకోచమూ శ్వాస సాధనతో వచ్చేదే గాని సూదితో వచ్చేది కాదు. పల్లెల్లో ఏళ్లుగా ఉచితంగా శిక్షణ ఇస్తున్న విశ్రాంత సైనికులు ఈ మాట చెబుతూనే ఉన్నా, వినిపించుకునే ఓపిక కొందరికి లేకుండా పోతోంది.

దేశంలో పరిస్థితి కూడా గర్వించదగ్గదిగా లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ గణాంకాల ప్రకారం 2024లో భారత్‌లో పరీక్షించిన 7,113 నమూనాల్లో 260 దోషయుక్తమని తేలాయి. ఇది 3.6 శాతం. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాల్లో ఇది అత్యధికం. అంతకుముందు 2023లోనూ ఆ అపఖ్యాతి మనదే. గ్రాహకాలనే గురిపెట్టే కొత్తరకం మందులు, సార్మ్‌లు, ఇప్పుడు రంగంలోకి వచ్చాయి. ఇవి టెస్టోస్టిరాన్ కావు. అయినా అదే తాళంలో తిరిగే మారు తాళంచెవులు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌పై 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది ఈ మందుల వల్లే. ఉద్దేశపూర్వకంగా వాడలేదన్న ఆమె వాదన నిలవలేదు. శరీరంలో సహజంగానే టెస్టోస్టిరాన్ అధికంగా ఉందన్న కారణంతో 2014లో తనను తప్పించగా, న్యాయపోరాటం చేసి 2015లో తిరిగి ట్రాక్‌పైకి వచ్చిన క్రీడాకారిణి కూడా ఆమే కావడం గమనార్హం.

దొరకమన్న ధీమా కూడా పనికిరాదు. సూదిలోని టెస్టోస్టిరాన్ సాధారణంగా సోయా వంటి మొక్కల నుంచి తీసిన ముడిపదార్థంతో తయారవుతుంది. దానిలోని కర్బన పరమాణువుల నిష్పత్తి శరీరం తయారుచేసుకున్న హార్మోనుకు భిన్నంగా ఉంటుంది. ప్రయోగశాల ఈ తేడాను పట్టేస్తుంది. నమూనాలను పదేళ్ల వరకు భద్రపరచి తిరిగి పరీక్షించే వీలు కూడా ఉంది. 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచిన పలువురు లిఫ్టర్లు ఏళ్ల తర్వాత వాటిని వాపసు చేయవలసి వచ్చింది ఇలాగే.

మందు దుకాణాల వద్దే ఈ వ్యవహారాన్ని కట్టడి చేయడం సాధ్యం. టెస్టోస్టిరాన్ సూదులు వైద్యుని చీటీపైనే విక్రయించవలసినవి. ఆ చీటీ ఎవరిదో, ఎన్నిసార్లు వాడారో అడిగే నాథుడు లేకపోతే నిబంధన కాగితానికే పరిమితం. తనిఖీ మందు దుకాణంతో ఆగరాదు. ప్రోటీన్ పొడి డబ్బాల పేరిట చీటీ అక్కర లేకుండా జిమ్‌లలో చేతులు మారుతున్న సరకు లోపల ఏముందో కూడా ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులు నమూనాలు తీసి చూడవలసి ఉంది.

ఓస్లో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో వెల్లడించిన సంగతి ఒకటి ఈ చర్చను మరింత జటిలం చేస్తోంది. రెండు వారాలు టెస్టోస్టిరాన్ ఇచ్చిన ఎలుకలకు మందు ఆపేశాక లావెక్కిన కండ తగ్గిపోయింది. కాని అప్పుడు చేరిన అదనపు కేంద్రకాలు మూడు నెలల తర్వాత కూడా తంతువుల్లో అలాగే ఉన్నాయి. తిరిగి శ్రమ పెట్టగానే ఆరు రోజుల్లో వాటి కండర తంతువులు దాదాపు 30 శాతం లావెక్కాయి. మందు ఎరుగని ఎలుకల్లో ఆ పెరుగుదల లేదు. మనుషుల్లోనూ ఇదే జరిగేట్లయితే, నిషేధం ముగిసి బరిలోకి తిరిగి వచ్చిన క్రీడాకారుడు పాత సూది లాభాన్ని ఇంకా వెంట తెచ్చుకున్నట్లే. కొండవెలగాడ వంటి పల్లెలో తెల్లవారుజామునే లేచి, గంజి తాగి బరువులెత్తే బాలిక రేపు పోటీ పడవలసింది అటువంటి వారితోనే.