పోలీసు జట్టు నేర్పిన పాఠం

హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఉద్దండులైన మోహన్ బగాన్‌ను ఓడించింది. ఈ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఒకనాటి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

1963లో రహీం కన్నుమూశారు. ఆ వైభవం క్రమంగా అడుగంటింది. 2022లో ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. సైతం 2025లో ఢిల్లీకి తరలిపోవడం శోచనీయం.

డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే పోతుంది. నేలలో మొలిచిన జట్టు నిలుస్తుంది. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఆటస్థలం, వ్యాయామోపాధ్యాయుడు ఉండేలా ప్రభుత్వం ఇకనైనా శ్రద్ధ వహించాలి.