ఇల్లు మారేముందు సామాను చూసుకోండి

చార్మినారుకు దగ్గరలోని ఛత్తా బజారు శుభలేఖలకు పెట్టింది పేరు. ఒకప్పుడు అక్కడ కాతిబులు కలం పట్టి ఉర్దూ అక్షరాలు దిద్దేవారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చి ఆ నస్తలీఖు వంపులన్నీ కంప్యూటరుకు అప్పగించింది. కలాలు పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడు ఆ కంప్యూటర్ల వంతు వచ్చింది!

యెందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి మామూలు మద్దతు ముగిసింది. యంత్రం ఆగిపోదు సుమండీ. దొంగలు పడకుండా కాచే మరమ్మతులు మునుపటిలా అందవు, అంతే. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే, పాత యంత్రాల్లో చాలావాటిలో అది కాలు పెట్టనంటుంది.

మరి లినక్సు వుందిగా? వుంది. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 యేళ్ళ విద్యార్థి మొదలుపెట్టింది. పైసా ఖరీదు లేదు. కొత్తదని జంకనక్కర్లేదు, మీ ఆండ్రాయిడు ఫోనును లోపల నడిపిస్తున్నది అదే.

బొమ్మల మీద నొక్కడం నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. అసలు చిక్కల్లా పాత ఫైళ్ళతోనే. అను ఫాంట్లతో పేజిమేకరులో కూర్చిన శుభలేఖ పైకి తెలుగే గాని, లోపల దాగినవి రోమను అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కాస్తా అర్థంకాని గజిబిజి అవుతుంది. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళకూ వాటి సొంత సంకేతాలే. పైగా ఈ సరంజామా అంతా విండోసు కోసం తయారైనది.

కాబట్టి ముందు అక్షరాలను గట్టెక్కించండి. తరచు వాడే పాఠాలను విండోసులో వుండగానే యూనికోడులోకి మార్చి దాచుకోండి. అప్పుడు అవి యెక్కడైనా తెరుచుకుంటాయి. తెలుగుకు పోతన, మండలి, ఉర్దూకు నోటో నస్తలీఖు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ వుంది. 2024లో వచ్చిన దాని 1.6 కూర్పు మన లిపుల ఒత్తులనూ గుణింతాలనూ కలిపి చూపగలదు.

తరవాత లినక్సు మింటును పెన్ను డ్రైవులో యెక్కించి, డిస్కు జోలికి పోకుండా దాని నుంచే నడిపి చూడండి. ముఖ్యంగా మీ ప్రింటరు దానితో మాట్లాడుతుందో లేదో తేల్చుకోండి. సందేహాలొస్తే హైదరాబాదులోనే స్వేచ్ఛ సంస్థవారున్నారు. తెలుగు లినక్సు కోసం పనిచేసినవారు.

మంచి ముహూర్తాల రద్దీలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మూఢం రోజుల్లోనో, ముహర్రం నెలలోనో, చేతిలో పని తగ్గినప్పుడు మొదలుపెట్టండి. అప్పటికీ కొన్ని పాత ఫైళ్ళు లొంగవు. వాటికోసం ఒక విండోసు యంత్రాన్ని ఇంటర్నెట్టు తీగ పీకేసి మూల కూర్చోబెట్టండి. పెళ్ళివారికి మీది విండోసైతేనేం, లినక్సైతేనేం? అనుకున్న రోజుకు తప్పుల్లేని కార్డులు అందాలి గాని!