పూయని యేడు

పూలమొక్క నాటిన మూడు నెలలకు పూవకున్నచో దానిని పెరికివేయుట మన యిండ్లలో ఆచారమైనది. బంతి, జీనియా, కోడిజుట్టు మొదలగునవి నాటిన యేటనే పూచి మనకీ తొందరను నేర్పినవి. ఈ తొందర వలన ఒక తెగ మొక్కలకు మన పెరడులలో చోటు లేకపోయెను. అవి మొదటి యేట ఆకు మాత్రమే వేయును. రెండవ యేట పూచి, విత్తనమునిచ్చి, చచ్చిపోవును. శాస్త్రజ్ఞులు వానిని ద్వివార్షికములందురు. వీనికి ప్రతి యింటను ఒక మూల విడువవలెననియు, అందును చలి కొంత యెక్కువగా నుండు మన హోసూరు ప్రాంతమువారు తప్పక విడువవలెననియు మా యభిప్రాయము.

తెలుగు పండితులకు వృక్షశాస్త్రముతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. చిన్న బడులలో సైన్సు మాస్టరుగారు సెలవు పెట్టిన దినమున ఆ తరగతి తెలుగు పండితునికే వచ్చునని వారెఱుగరు. పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఏకవార్షికము, ద్వివార్షికము, బహువార్షికము అను మూడు మాటలను మేము కంఠస్థము చేసితిమి. మొదటిదానికి వరి, మూడవదానికి మామిడి మా కన్నులయెదుటనే యుండెను. నడిమిదానికి పుస్తకములో క్యారెట్ అని యుండెను. క్యారెట్ పువ్వెట్లుండునని యెవరును అడుగలేదు. మేమును చూచి యెఱుగము. చూడనిదానినే చాల యేండ్లు పిల్లలచేత వల్లె వేయించితిమి.

మొదటి యేడు మొక్క ఊరకుండునని తలంపరాదు. ఆకులు నేలనంటి గుండ్రముగా పరచుకొని, ఎండను పట్టి ఆహారము చేసి, వేరులోనో గడ్డలోనో దాచును. పిమ్మట చలికాలము రావలెను. కొన్ని వారములు చలి సోకినగాని అనేక ద్వివార్షికములలో పూకాడ పైకి లేవదు. చలి చాలని మైదానములలో ఐరోపా జాతి క్యారెట్లు పూయకపోవుటకు కారణమిదియే. వాని విత్తనమును కొండసీమలలో పండింతురు. 1957లో ఆంటన్ లాంగ్ అను శాస్త్రజ్ఞుడు జిబ్బరెల్లిన్ అను పదార్థమును చలికి మారుగా వాడి, ఇట్టి మొక్కలు కొన్నిటిని పూయించెను. మన యిండ్లకు ఆ మందు అక్కరలేదు. మార్గశిర పుష్యముల చలి చాలును.

ఉల్లి ద్వివార్షికమనిన తల్లులు నమ్మరు. మన యిండ్లలో ఎఱ్ఱగడ్డ యనునది అదియే. నవంబరులో వంటింటి బుట్టలో మొలక వేసిన గడ్డను పారవేయక నేలలో పెట్టుడు. సాంబారులో వేయు చిన్న గడ్డ పనికిరాదు, అది పూచుట అరుదు. ఇచ్చటి తమిళులు బళ్లారి యనునట్టి పెద్ద గడ్డ కావలెను. చలి వెళ్లునప్పటికి బోలుకాడ లేచి, దాని కొనయందు వందలకొలది చిన్ని పువ్వులు తెల్లని బంతివలె గుమిగూడును. తేనెటీగలు ప్రొద్దుననే చేరును. ఎండిన బంతిని దులిపిన నల్లని గింజలు రాలును. మనము కూరలో తఱిగి వేయునది ఆ మొక్క తన రెండవ యేటికై కట్టుకొన్న చద్దిమూట!

ఇక పువ్వు కొఱకే పెంచవలసినది హాలీహాక్. ఇది మందార, బెండ, గోంగూరల కుటుంబములోనిది. మా పిల్లలు దానిని గోంగూరక్క యని పిలుతురు. అంతకన్న మంచి పేరు మాకును దొరకలేదు. మైదానములలో తోటమాలులు దీనిని శీతకాలపు ఏకవార్షికముగా పెంచుట కలదు. తొందరగా పూయు రకములును వచ్చినవి. మేము చెప్పునది పాత రకమును గూర్చి. మొదటిసారి పొట్లములోని విత్తనములు చల్లి, వేసవి వఱకు ఆకులే చూచి, ఇవి పనికిరానివని బడి తెరచుటకు ముందు పెరికించినవారము మేమే.

ఆ యేడే తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, "ఏడాదాయెను, మా వానికి పద్యమొక్కటి నోట రాలేదు, ఇంగ్లీషు బడికి పంపుదుము" అనిరి. ఓపిక పట్టుడని చెప్పబోయితిమి. కిటికీలోనుండి ఖాళీమడి కనబడెను. మా నోట మాట రాలేదు.

మరల నవంబరులో ఎనిమిదవ తరగతివారిచేత అదే మడిలో విత్తనము వేయించితిమి. ఈసారి ఎవ్వరిని ముట్టనీయలేదు. మరుసటి ఫిబ్రవరిలో ఆ కాడలు మనిషియెత్తు లేచి క్రిందినుండి పైకి వరుసగా పూచునప్పటికి, విత్తినవారిలో తొమ్మండుగురు వేరు బడులకు పోయియుండిరి. పంపిన తల్లిదండ్రులను మేము నిందింపము. వారి భయములు వారివి. కాని ఒక శనివారము సాయంకాలము, అట్లు పోయిన బాలిక తమ్ముని వెంటబెట్టుకొని కంచెకడకు వచ్చి, "నాది ఏదండీ అయ్యవారూ?" అని అడిగినది. చూపితిమి. ఎఱ్ఱనిది పూయునని పందెము వేసిన పిల్ల, పూచినది తెలుపు. చాలసేపు నిలిచి చూచినది.

పెంచుటలో కష్టము కొంచెమే. వేరు లోతుగా దిగును గనుక మొలచినచోటనే యుంచవలెను, పెరిగినదానిని త్రవ్వి మార్చరాదు. మొక్కకు మొక్కకు రెండడుగుల యెడము, గాలికి ఒరగకుండ ఒక కఱ్ఱ ఉండవలెను. ఆకు అడుగున నారింజ వన్నె తుప్పుపొక్కులు కనబడిన ఆ యాకులను త్రుంచి కాల్చివేయవలెను. నీరు మొదటనే పోయవలెను. ముఖ్యమైనది మఱియొకటి కలదు. వరుసగా రెండేండ్లు విత్తుడు. అప్పుడు ప్రతి యేడును ఒక మడి ఆకుతోను, ఒక మడి పూవుతోను ఉండును. పూయని మడిని చూచి ఎవరును విసుగుకొనరు.

ద్వివార్షికములలో ఫాక్స్‌గ్లోవ్ కడు అందమైనది. 1785లో విలియం విదరింగ్ అను వైద్యుడు దాని గుణములను గూర్చి గ్రంథము వ్రాసిన పిమ్మట అది గుండెజబ్బుకు మందుగా ప్రసిద్ధమైనది. ఐనను మొక్కయంతయు విషము. చిన్నపిల్లలున్న యిండ్లలో దానిని పెంచవలదని గట్టిగా చెప్పుచున్నాము.

మా మడిలోని హాలీహాక్ కాయలు ఎండినవి. గింజలు చక్రమువలె ఒకదానినంటి యొకటి అమరియుండును, విడదీయుట పిల్లలకు వేడుక. కావలసినవారు, ఈ బడిలో చదువువారైనను, చదివి వెళ్లినవారైనను, వచ్చి అడుగవచ్చును. ఎఱ్ఱగడ్డ విత్తనమును కూడ కొంత యుంచితిమి. అది మాత్రము ఈ యేడే విత్తవలెను. ఏడాది దాటినచో సరిగా మొలవదు.